అమెరికా అంత డబ్బున్న దేశం కదా, అక్కడ కూడా వైద్యం అందని పేదలు ఎందుకున్నారు?

మీ ప్రశ్న ఇది: ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా వైద్యం మీద ఖర్చు పెట్టే దేశం అమెరికా. అయినా అక్కడ పేదరికం ఎందుకు పోలేదు, బిల్లుకు భయపడి హాస్పిటల్‌కి వెళ్లనివాళ్లు ఎందుకున్నారు? డబ్బు చాలకనా, వాళ్లు కష్టపడకనా? చివర్లో, మీ అన్నయ్య ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ వెళ్తున్నాడు, దేనికి జాగ్రత్తపడాలి అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. డబ్బు చాలక కాదు. 2023లో ఆ దేశం వైద్యానికి పెట్టిన ఖర్చు దాదాపు 4.9 లక్షల కోట్ల డాలర్లు. తలకు లెక్కేస్తే 14,500 డాలర్లకు పైనే. అదే ఏడాది ఇన్సూరెన్స్ అసలు లేనివాళ్లు 2 కోట్ల 60 లక్షల మంది. ఈ రెండు అంకెలూ ఒకే దేశానివి ఎలా అయ్యాయంటే, అక్కడ వైద్యం అందరికీ ఉన్న హక్కు కాదు, ఏదో ఒక అర్హత చూపిస్తే దొరికేది. ఉద్యోగం ఉంటే కంపెనీ ఇన్సూరెన్స్, 65 ఏళ్లు దాటితే మెడికేర్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్, బాగా పేదవాళ్లయితే మెడికెయిడ్ అనే ఇంకో ప్రభుత్వ ఇన్సూరెన్స్, మాజీ సైనికులకు వేరే. ఇందులో దేనికీ సరిపోనివాళ్లు మధ్యలో మిగిలిపోతారు. ఆ మిగిలిపోయినవాళ్లలో ఎక్కువమంది పనిచేసుకునేవాళ్లే. ఇది ఇన్నేళ్లుగా ఇలాగే సాగడానికి కారణం, ఇందులో ఉన్న ప్రతి చిక్కూ ఎవరో ఒకరికి జీతమో లాభమో అవుతోంది. నాతో సహా.

నేను హైదరాబాద్‌లో ఏఆర్ కాలర్‌గా మొదలుపెట్టి, చాలా ఏళ్లు డినైయల్స్ టీమ్‌లో (ఇన్సూరెన్స్ తిరస్కరించిన బిల్లులు చూసే టీమ్) చేసి, ఇప్పుడు టెక్సాస్‌లో ఒక హాస్పిటల్‌లో బిల్లు కట్టలేని పేషెంట్లతో మాట్లాడే ఉద్యోగంలో ఉన్నాను. తెలియనివాళ్ల కోసం: అమెరికాలో డాక్టర్ చూశాక బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్తుంది. వాళ్లు డబ్బు పంపకపోతే ఎందుకు పంపలేదని ఫోన్ చేసి కనుక్కునేవాళ్లే ఏఆర్ కాలర్లు. మన హైదరాబాద్‌లో, చెన్నైలో రాత్రి క్యాబ్ ఎక్కి ఈ పనికి వెళ్లేవాళ్లు వేలల్లో ఉన్నారు. అమెరికాలో బిల్లింగ్ సులువుగా ఉంటే మాకు ఉద్యోగాలే ఉండేవి కావు. నేను ఏ పక్క నుంచి మాట్లాడుతున్నానో తెలియాలని ముందే చెప్తున్నాను.

ఆ పనిలో ప్రతి తిరస్కరణకూ ఒక కోడ్ ఉంటుంది. సీఓ-197 వస్తే ముందస్తు అనుమతి తీసుకోలేదని. సీఓ-29 వస్తే గడువు దాటాక క్లెయిమ్ పంపారని. పీఆర్-1 వస్తే అది డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు పేషెంటే కట్టాల్సిన మొత్తం అని. వీటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది సీఓ-27. వైద్యం జరిగిన తేదీకి ఆ మనిషికి ఇన్సూరెన్స్ లేదు, ముందే ఆగిపోయింది అని దానర్థం. ఎందుకు ఆగిపోయిందో వెనక్కి వెళ్లి చూస్తే, చాలా కేసుల్లో ఉద్యోగం పోయి ఉంటుంది. ఉద్యోగం ఎందుకు పోయిందంటే, జబ్బు చేసి పనికి వెళ్లలేకపోయారు. అంటే ఏ జబ్బు కోసం ఇన్సూరెన్స్ కట్టుకున్నారో, ఆ జబ్బే ఇన్సూరెన్స్‌ని తీసేసింది. ఉద్యోగానికీ వైద్యానికీ ముడిపెడితే జరిగేది ఇదే.

ఈ ముడి ఎవరూ కూర్చుని ఆలోచించి వేసింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942లో ప్రభుత్వం జీతాలు పెంచకూడదని కట్టడి పెట్టింది. పనివాళ్లు దొరక్క కంపెనీలు జీతానికి బదులు హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి. 1954లో దానికి పన్ను మినహాయింపు చట్టంలోకి ఎక్కింది. యుద్ధం అయిపోయింది, మినహాయింపు మిగిలిపోయింది. 1945లో అధ్యక్షుడు ట్రూమన్ దేశమంతటికీ ఒకే ఇన్సూరెన్స్ అన్నప్పుడు డాక్టర్ల సంఘం అడ్డంగా నిలబడింది, అది సోషలిజం అని ప్రచారం చేసింది. అప్పటికే కంపెనీ ఇన్సూరెన్స్ దొరికిన ఉద్యోగులకు కూడా దాని కోసం కొట్లాడే అవసరం పెద్దగా లేకపోయింది. నా అనుభవంలో ఈ రెండో కారణమే ఈ రోజుకీ పెద్దది. బాగున్నవాళ్లకు నొప్పి తెలియదు, నొప్పి ఉన్నవాళ్ల మాట చెల్లదు.

1965లో మెడికేర్, మెడికెయిడ్ వచ్చాయి. మెడికేర్ కేంద్రం నడిపేది, దేశమంతా ఒకే పద్ధతి. పేదల మెడికెయిడ్‌ని మాత్రం రాష్ట్రాల చేతిలో పెట్టారు. ఎవరు పేద అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. దీని వెనక పాత చరిత్ర ఉంది. 1935లో సోషల్ సెక్యూరిటీ అనే పింఛను పథకం పెట్టినప్పుడు వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను బయట ఉంచేశారు. దక్షిణాది నల్లజాతివాళ్లలో చాలామంది చేసేది ఆ పనులే. ఇవాళ మెడికెయిడ్‌ని ఇంకా ఎక్కువమంది పేదలకు విస్తరించడానికి ఒప్పుకోని రాష్ట్రాల పట్టిక చూడండి: టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా, అలబామా, మిసిసిపి, టెనెసీ, సౌత్ కరోలినా. మిగిలినవి కాన్సస్, విస్కాన్సిన్, వయోమింగ్. మొత్తం పదిలో ఏడు దక్షిణాదివే.

ఆ పది రాష్ట్రాల్లో ఏమవుతుందో లెక్కేసి చూపిస్తాను. 2010లో ఒబామాకేర్ చట్టం రాసినప్పుడు, బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లందరికీ మెడికెయిడ్, అంతకు పైన ఉన్నవాళ్లకు ప్రీమియంలో సబ్సిడీ అనుకున్నారు. 2012లో సుప్రీంకోర్టు, మెడికెయిడ్ విస్తరణ రాష్ట్రాల ఇష్టం అని తేల్చింది. టెక్సాస్ వద్దంది. కొత్తగా చేరేవాళ్ల ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తానన్నా వద్దంది. కానీ చట్టంలో సబ్సిడీ మొదలయ్యేది దారిద్ర్యరేఖ దగ్గర నుంచే. అంతకంటే కింద ఉన్నవాళ్లకు ఎలాగూ మెడికెయిడ్ ఉంటుంది కదా అని అలా రాశారు.

ఇప్పుడు టెక్సాస్‌లో ఒంటరిగా ఉండే ఒక మనిషిని తీసుకోండి, పిల్లలు లేరు. కేంద్రం పెట్టిన కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జులై నుంచి అంతే, పైసా పెరగలేదు. టెక్సాస్‌లోనూ అదే. వారానికి 40 గంటలు, ఏడాదిలో ఒక్క సెలవు కూడా పెట్టకుండా చేస్తే వచ్చేది 15,080 డాలర్లు. 2026 ఇన్సూరెన్స్‌కి లెక్కలోకి తీసుకునే దారిద్ర్యరేఖ 15,650 డాలర్లు. అంటే ఈ మనిషి సబ్సిడీ రావడానికి మరీ పేద. మరి మెడికెయిడ్? టెక్సాస్‌లో పిల్లలు లేని, వైకల్యం లేని పెద్దవాళ్లకు ఎంత పేదవాళ్లయినా మెడికెయిడ్ లేదు. పిల్లలున్న తల్లికి కూడా, ముగ్గురు మనుషుల ఇంట్లో నెలకు 500 డాలర్లు సంపాదిస్తే చాలు, అర్హత పోతుంది. ఏడాదికి ఇంకో ఆరొందల డాలర్లు ఎక్కువ వచ్చి ఉంటే ఇదే మనిషికి సబ్సిడీ దొరికేది. ఇలాంటివాళ్లు ఆ పది రాష్ట్రాల్లో కలిపి పది లక్షలకు పైనే ఉన్నారు. ఈ లెక్క నేను మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను.

ఒక కేసు చెప్తాను, గుర్తుపట్టే వివరాలు తీసేసి. ఒకావిడ ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానం చేయించడం, మందులు ఇవ్వడం, వంట చేసిపెట్టడం లాంటి పని చేస్తుంది. రెండు ఏజెన్సీల్లో చేస్తుంది, రెండూ పార్ట్‌టైమే. వారానికి 30 గంటలు చేయిస్తే ఫుల్‌టైమ్ కింద లెక్క, పెద్ద కంపెనీ అయితే ఇన్సూరెన్స్ ఇవ్వాలి, అందుకని గంటలు అక్కడిదాకా రానివ్వరు. తనకు షుగర్. మందు పూర్తి డోసు వేసుకోకుండా నెలాఖరు దాకా సరిపెట్టుకునేది. ఒకరోజు కళ్లు తిరిగి పడిపోతే ఎమర్జెన్సీకి తెచ్చారు. డిశ్చార్జ్ అయిన కొన్ని వారాలకు నా టేబుల్ దగ్గరికి వచ్చింది, చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో బిల్లుల కవర్లు. సగం విప్పలేదు. విప్పితే ఏముంటుందో తెలుసు కదా అంది. హాస్పిటల్‌ది ఒకటి, డాక్టర్ల గ్రూపుది వేరే, ల్యాబ్‌ది వేరే, అంబులెన్స్‌ది వేరే. ఒక్కరోజు వైద్యానికి నలుగురు వేర్వేరుగా బిల్లు పంపారు. ఆవిడ సేవ చేసే ముసలివాళ్లందరికీ మెడికేర్ ఉంది, ఆవిడకు మాత్రం ఏదీ లేదు.

ఎమర్జెన్సీలో ఎవరినైనా చూడాలి కదా అని అడుగుతారు. నిజమే, 1986 చట్టం ప్రకారం డబ్బు లేదని వెనక్కి పంపకూడదు. పరీక్షించి, పరిస్థితి నిలకడకు తేవాలి. అంతవరకే. ఉచితం అని ఆ చట్టంలో లేదు, తర్వాత మందులిస్తామనీ లేదు. షుగర్ పెరిగి కోమాలోకి వెళ్లబోతే కాపాడతారు. అసలు పెరగకుండా నెలనెలా కావలసిన ఇన్సులిన్ ఎవరూ ఇవ్వరు. వెయ్యి రెట్లు ఖరీదైన వైద్యాన్ని తప్పనిసరి చేసి, చవకైన వైద్యాన్ని వదిలేశారని నేను అంటుంటాను. వెయ్యి అన్నది మాటవరసకే, తేడా మాత్రం అలాగే ఉంటుంది.

ఇక బిల్లు మీద వేసే రేటు సంగతి. పెళ్లి చీర బేరంలో షాపువాడు మొదట చెప్పే రేటు ఎలాంటిదో హాస్పిటల్ రేట్ల పట్టిక అలాంటిది. ఇన్సూరెన్స్ కంపెనీలు బేరమాడి అందులో కొంతే కడతాయి. బేరం తెలియని, వెనక ఎవరూ లేని పేషెంట్‌కి మాత్రం ఆ మొదటి రేటే బిల్లుగా వెళ్లే ప్రమాదం ఉంది. అందరికంటే తక్కువ స్తోమత ఉన్నవాళ్లకు అందరికంటే ఎక్కువ రేటు.

అర్హత ఉన్నా దొరక్కపోవడం ఇంకో కథ. కోవిడ్ కాలంలో మెడికెయిడ్ నుంచి ఎవరినీ తీసేయకూడదని ఆంక్ష ఉండేది. అది 2023 మార్చి ఆఖరుతో అయిపోయింది. ఆ తర్వాత ఏడాదిన్నరలో దేశమంతా కలిపి రెండున్నర కోట్ల మంది పేర్లు కొట్టేశారు. వాళ్లలో దాదాపు 70 శాతం మందిని తీసేసింది ఆదాయం పెరిగినందుకు కాదు. కాగితాలు అందక, ఫారం గడువులోగా తిరిగి పంపక. ఇల్లు మారారు, ఉత్తరం పాత అడ్రస్‌కి వెళ్లింది. ఫోన్ చేస్తే గంటలకొద్దీ హోల్డ్. గంట జీతం మీద బతికేవాళ్లకు ఆ హోల్డ్ అంటే ఆ రోజు కూలి. పిల్లవాడికి ఆస్తమా పంప్ కొనడానికి మందుల షాపుకి వెళ్తే అక్కడ తెలిసింది, కవరేజీ పోయిందని. ఇలాంటివి మా దగ్గరికి వరసగా వచ్చాయి. మన దగ్గర రేషన్ కార్డు కోసం, ఆరోగ్యశ్రీ కోసం మీసేవల చుట్టూ తిరిగినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లంతా సుఖంగా ఉన్నారనీ అనుకోవద్దు. 2024లో కంపెనీ ద్వారా వచ్చే ఫ్యామిలీ ప్లాన్ సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతం నుంచి కోసేది ఆరు వేలకు పైన, మిగతాది కంపెనీ కడుతుంది. కంపెనీ కట్టేది కూడా జీతం పెంపులోంచి పోయేదే, అది పే స్లిప్పులో కనిపించదు. ఇంత కట్టాక డిడక్టిబుల్. అది పూర్తయ్యేదాకా ఖర్చులో చాలావరకు మనదే, జనవరి వచ్చేసరికి చాలా ప్లాన్లలో మళ్లీ మొదటికే. అందుకే డిసెంబర్‌లో ఆపరేషన్లకు రద్దీ, జనవరిలో అపాయింట్‌మెంట్లు వాయిదా. జబ్బుకు క్యాలెండర్ తెలియదు కానీ మా హాస్పిటల్‌కి తెలుసు. దేశంలో వైద్యం అప్పులు అన్నీ కలిపి 22,000 కోట్ల డాలర్లకు తగ్గవని అంచనా. ఆ అప్పున్నవాళ్లలో ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు బోలెడంతమంది.

పేదరికం సంగతికి వస్తాను, ఎందుకంటే మీరు రెండూ కలిపి అడిగారు, కలిపి అడగడమే సరైనది. 1960ల్లో మిసిసిపిలోని మౌండ్ బయూలో జాక్ గైగర్ అనే డాక్టర్ పేదల కోసం ఒక క్లినిక్ పెట్టాడు. అక్కడికి వచ్చే పిల్లలకు ఉన్న జబ్బు ఆకలి. ఆయన ప్రిస్క్రిప్షన్ మీద పాలు, కూరగాయలు, మాంసం రాసి, దగ్గరి కిరాణా కొట్లలో ఇప్పించి, ఆ బిల్లు క్లినిక్ మందుల బడ్జెట్‌లోంచి కట్టేవాడు. పైనుంచి అధికారులు అభ్యంతరం చెప్తే, పోషకాహార లోపానికి మందు అన్నమే కదా అన్నది ఆయన జవాబు. ఆ రకం కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఇవాళ దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి, మూడు కోట్ల మంది వాటి మీద ఆధారపడ్డారు. నేను మా పేషెంట్లను మొదట పంపేది వాటికే.

పేదలు కష్టపడకనా అని అడిగారు కదా, దానికి 2021 చూస్తే చాలు. ఆ ఒక్క ఏడాది, పిల్లలున్న కుటుంబాలకు పన్ను లెక్కల ద్వారా ఇచ్చే సాయం, చైల్డ్ టాక్స్ క్రెడిట్, పెంచారు. ఆరేళ్ల లోపు బిడ్డకు ఏడాదికి 3,600 డాలర్లు, పెద్ద పిల్లలకు 3,000. సంపాదన లేని ఇంటికి కూడా మొత్తం ఇచ్చారు, సగం డబ్బు నెలనెలా ఖాతాలో వేశారు. పన్నులు, సాయాలు కలిపి లెక్కేసే కొలత ప్రకారం పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. అంత తక్కువ ఎప్పుడూ లేదు. పార్లమెంటు దాన్ని పొడిగించలేదు. 2022లో అదే అంకె 12.4 శాతం. తల్లిదండ్రులు 2021లో కష్టజీవులై 2022లో సోమరులయ్యారా? ముసలివాళ్ల విషయమూ అంతే. 1959లో 65 దాటినవాళ్లలో మూడింట ఒక వంతు పేదలు, సోషల్ సెక్యూరిటీ పెరుగుతూ వచ్చాక ఇప్పుడు పది శాతం చుట్టూ. ఆ దేశానికి పేదరికం తగ్గించడం చేతకాక కాదు, ఎవరికి తగ్గించాలో ఎంచుకుంది. ముసలివాళ్లు ఓటేస్తారు, పిల్లలకు ఓటు లేదు.

డాక్టర్ల కొరత కూడా చెప్పాలి, అది మనకు నేరుగా తగిలేది. పల్లెల్లో హాస్పిటళ్లు మూతపడుతున్నాయి, 2010 నుంచి వందకు పైగా. 1997లో రెసిడెన్సీ సీట్లకు (కొత్త డాక్టర్లు హాస్పిటల్‌లో శిక్షణ పొందే సీట్లు) మెడికేర్ ఇచ్చే డబ్బుకు పరిమితి పెట్టారు, కొత్త డాక్టర్లు అవసరానికి తగ్గట్టు పెరగలేదు. ఆ ఖాళీల్లో కొంత నింపుతున్నది ఉస్మానియా, గుంటూరు, కాకినాడల్లో చదివి వెళ్లిన మనవాళ్లే. శిక్షణ కోసం ఇచ్చే జే-1 వీసా మీద వెళ్లిన డాక్టర్ వెనక్కి రాకుండా అక్కడే ఉండాలంటే, డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. అలా మారుమూల కౌంటీల్లో ఆ చుట్టుపక్కలకంతా ఉన్న ఒకే ఒక్క స్పెషలిస్టు తెలుగు డాక్టర్ కావడం కొత్తేమీ కాదు. 1985లో స్టాన్ బ్రాక్ అనే ఆయన వైద్యం చేరని దూరదేశాల కోసం రిమోట్ ఏరియా మెడికల్ అని సంస్థ పెట్టాడు. చివరికి దాని క్యాంపుల్లో చాలావరకు టెనెసీ, వర్జీనియా లాంటి చోట్ల అమెరికన్ల కోసమే పెట్టాల్సి వచ్చింది. పన్ను పీకించుకోవడానికి ముందు రోజు రాత్రే వచ్చి కార్లలో పడుకుంటారు.

మిగతా ధనిక దేశాల్లో అంతా బాగుందా అంటే, లేదు. ఇంగ్లండ్‌లో హాస్పిటల్ వైద్యం కోసం వెయిటింగ్ లిస్టు 70 లక్షలు దాటింది, ప్రభుత్వ పంటి డాక్టర్ దొరకడం గగనం. కెనడాలో ఫ్యామిలీ డాక్టర్ లేనివాళ్లు లక్షల్లో ఉన్నారు. అక్కడా పేదవాళ్లు ముందే చనిపోతారు. కానీ అక్కడ బాధ క్యూ గురించి, అమెరికాలో బాధ బిల్లు గురించి. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను క్యూనే ఎంచుకుంటాను. దీన్ని ఒప్పుకోనివాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. మంచి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు అమెరికాలో దొరికే క్యాన్సర్ వైద్యం లాంటిది వేరేచోట అంత త్వరగా దొరకదు అంటారు, అదీ నిజమే.

మరి ఎందుకు మారదు అంటే, వృథా అని మనం అనుకునే ప్రతి డాలరూ ఒకరి ఆదాయం అని మొదట్లోనే చెప్పాను. ఇన్సూరెన్స్ కంపెనీలు, హాస్పిటల్ గ్రూపులు, మందుల కంపెనీలు, బిల్లింగ్ సంస్థలు, అప్పులు వసూలు చేసే ఏజెన్సీలు. వీటిలో ఏ ఒక్కదాన్ని తగ్గించాలన్నా వాళ్ల తరఫున వాషింగ్టన్‌లో మనుషులుంటారు. ప్లాస్టిక్ సంచి పట్టుకుని వచ్చిన ఆవిడ తరఫున ఉండరు.

మీ అన్నయ్య విషయం. యూనివర్సిటీ ప్లాన్ తీసుకోమనండి. చవకని బయట కొనే ప్లాన్లలో పాత జబ్బులు, మానసిక వైద్యం, ఆటల్లో తగిలే దెబ్బలు కవర్ కాకపోవచ్చు. చిన్న జ్వరానికి క్యాంపస్ హెల్త్ సెంటర్, అది మూసి ఉంటే అర్జెంట్ కేర్, అంటే అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్. ప్రాణం మీదికి వస్తేనే ఈఆర్ (హాస్పిటల్ ఎమర్జెన్సీ), అలాంటప్పుడు మాత్రం డబ్బు గురించి ఆలోచించి ఆగొద్దు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా తన ప్లాన్ నెట్‌వర్క్‌లో, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో రేటు ఒప్పందం ఉన్నవాళ్లలో, ఉన్నారో లేదో ముందు అడగాలి. 2022 నుంచి ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి బిల్లుల నుంచి చట్టం రక్షణ ఇస్తుంది, కానీ రోడ్డు మీద నడిచే అంబులెన్స్‌కి ఆ చట్టం వర్తించదు.

పెద్ద బిల్లు వస్తే కంగారుపడి క్రెడిట్ కార్డుతో కట్టేయొద్దు, మనవాళ్లు ఎక్కువగా చేసేది ఇదే. ముందు ఐటమైజ్డ్ బిల్లు అడగాలి, ప్రతి వస్తువూ విడిగా రాసి ఇస్తారు, చేయని టెస్టులు అందులో దొరుకుతుంటాయి. తర్వాత ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం అడగాలి, బిల్లు తగ్గించమనో మాఫీ చేయమనో పెట్టుకునే దరఖాస్తు అది. అమెరికాలో చాలా హాస్పిటళ్లు నాన్‌ప్రాఫిట్ (లాభాపేక్ష లేనివి), వాటికి పన్ను మినహాయింపు ఉంది కాబట్టి అలాంటి పాలసీ ఉండి తీరాలి. మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. ఎవరికి ఎంత మాఫీ అన్నది హాస్పిటల్‌ని బట్టి ఉంటుంది, పాలసీ వాళ్ల వెబ్‌సైట్‌లోనే పెడతారు. అడగనివాళ్లకు చాలాచోట్ల ఎవరూ చెప్పరు.

అన్నయ్య చేరే యూనివర్సిటీ ఏదో, వాళ్లు ఇస్తున్న ప్లాన్ పేరేంటో రాయండి. డిడక్టిబుల్ ఎంతో, ఏమేం కవర్ కావో చూసి చెప్తాను.